కిటికీ వైపు తిరిగిన తలలు

నీళ్ల పరీక్షలు చేసే ల్యాబు. మూడో తరగతికి సైన్సు చెప్పే మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. ఎత్తు బల్ల ముందు పీట మీద నిలబడి సీసాలు సర్దుకుంటున్న ల్యాబు మేడమ్ తల తిప్పలేదు.

"మళ్లీ రానని ఆ రోజే చెప్పాను కదా మాస్టారూ. ఎందుకొచ్చారు?"

"స్కూలుకి రమ్మనడానికి కాదు మేడమ్."

"మరి?"

"లోపలికి రావచ్చా?"

"సగం వచ్చాక అడుగుతారేం? రండి. ఆ సీసాలు మాత్రం ముట్టుకోకండి. బావుల నీళ్లు. నల్లబడతాయా లేదా అని చూస్తున్నా."

"నల్లబడితే?"

"తాగొద్దని చెప్తాం. మీరు నీళ్ల కోసం రాలేదు కదా."

"లేదు."

"కూర్చోండి. పీట మీద కాదు, కుర్చీలో."

"పీటలు రెండున్నాయే. రెండోది ఎవరికి?"

"ఉంటారులే ఎవరో. మీ సంగతి చెప్పండి."

"మీకు క్షమాపణ చెప్పుకుందామని..."

"చెప్పారుగా. గేటు దాకా వెంటపడి చెప్పారు. ఆటో ఎక్కినా వదల్లేదు. ఆటో అతను భయపడి, 'ఏం చేశాడమ్మా ఈయన మిమ్మల్ని' అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"పాఠం చెప్పాడన్నాను."

"పిల్లలు కదా మేడమ్. తెలియక..."

"పిల్లలు నన్నేమన్నారని? నోళ్లు తెరిచారు, అంతే. అది నాకు అలవాటే. బస్సుల్లో పెద్దవాళ్లే తెరుస్తారు. ఒకావిడైతే మెట్లెక్కలేననుకుని నన్ను చంకనెత్తుకోబోయింది. నేను లేచి వచ్చేసింది అందుకు కాదు."

"తెలుసు."

"తెలిస్తే చెప్పండి ఎందుకో."

"మేడమ్, చిట్టి స్కూలుకి రావడం లేదు."

"చిట్టి ఎవరు?"

"కిటికీ పక్కన కూర్చునే పిల్ల. మీలాగే... అంటే... మీ..."

"అనండి మాస్టారూ, నాలుక కాలదు. నాలాగే పొట్టిది."

"ఆ. ఆ రోజు నుంచీ రావడం లేదు."

"వాళ్లింటికి వెళ్లారా?"

"వెళ్లాను."

"ఏమన్నారు?"

"వెళ్లానంటే... వీధి మొదటిదాకా వెళ్లాను. ఇంకోసారి గుమ్మం దాకా వెళ్లాను. వాళ్లమ్మ బట్టలు ఆరేస్తోంది. అటు తిరిగి ఉంది."

"పిలవలేదా?"

"గొంతు రాలేదు."

"క్లాసులో బాగానే వస్తుందే."

"అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరొక్కసారి నాతో వాళ్లింటికొస్తే... మీరు చెప్తే వింటుంది."

"అంటే మళ్లీ నన్నే ముందు నిలబెట్టి, మీరు పక్కకి తప్పుకుంటారు. ఈసారి తెర ఒక్కటే తక్కువ."

"అలా అనకండి."

"ఎలా అనను? సరే, ఒకటి అడుగుతా. అసలు నన్నెందుకు పిలిచారు మీ క్లాసుకి?"

"అప్పుడే చెప్పాను కదా. బడి తెరిచిన కొత్తలో పిల్లల్ని సైంటిస్టు బొమ్మ వేయమన్నాను. అందరూ ఒకే మనిషిని వేసుకొచ్చారు. రేగిన జుట్టు, కళ్లద్దాలు, తెల్లకోటు, గడ్డం, చేతిలో పొగలొచ్చే సీసా. ఒక్క పిల్ల మాత్రం ఆడమనిషిని వేసింది. ఆవిడకీ గడ్డం పెట్టింది. ఇదేంటమ్మా అంటే, 'సైంటిస్టు కదా మాస్టారూ, లేకపోతే ఎలా తెలుస్తుంది' అంది."

"నవ్వొచ్చే మాటే."

"నాకు రాలేదు. గోడ నిండా ఆ గడ్డాల బొమ్మలు అంటించింది ఎవరు? నేనే. ఇన్నేళ్లుగా నేనే. అందుకని ఈ తెర ఆట పెట్టాను. వారానికొకరు తెర వెనక కూర్చుంటారు. పిల్లలు ప్రశ్నలడుగుతారు. జవాబు చెప్పేవాళ్లు అబద్ధం ఆడకూడదు. ఆ మనిషి ఎలా ఉంటారో పిల్లలు బొమ్మ వేస్తారు. అప్పుడు తెర తీస్తాను."

"బాగుంది."

"చూపులేని ఆయన వచ్చాడు, పిట్టల కూతల మీద పనిచేస్తాడు. కూత వింటే పిట్ట పేరు చెప్పేస్తాడు. తర్వాత ఒక ముసలావిడ వచ్చింది, తెగుళ్లకి తట్టుకునే విత్తనాలు తయారు చేసిన మనిషి. తెర తీసేసరికి ఒళ్లో మనవరాలు నిద్రపోతోంది. పిల్లలు కేరింతలు కొట్టారు మేడమ్. ఆ తెర... మా ఆవిడ దుప్పటి. ఆవిడ పోయాక బీరువాలోనే ఉండిపోయింది. నేనే కుట్టాను."

"పోయినవాళ్లని సాక్ష్యానికి పిలవకండి మాస్టారూ. నన్నెందుకు పిలిచారని అడిగాను."

"నీళ్ల పాఠం వచ్చింది..."

"నీళ్ల పాఠానికి మా పెద్దసారు వస్తానన్నాడు. మీరే వద్దన్నారట."

"ఆయనకి గడ్డముంది మేడమ్."

"నవ్వించి తప్పించుకోకండి."

"లేదు, నిజంగానే..."

"నా పని చూసి పిలిచారా, నా ఎత్తు చూసి పిలిచారా?"

"రెండూను."

"ముందు ఏది?"

"ఇప్పుడెలా చెప్పను మేడమ్?"

"నాకు తొందరేం లేదు. ఈ సీసాల సంగతి తేలడానికి ఇంకా టైముంది."

"ఎత్తే."

"హమ్మయ్య. ఒక్కటి బయటికొచ్చింది."

"తప్పు బుద్ధితో కాదు మేడమ్. ఆ పిల్ల కోసం. మిగతావాళ్లు దాన్ని 'గుప్పెడు' అంటారు. పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే ఒకడు పైలట్టన్నాడు, ఒకత్తి పులి అంది. చిట్టి లేవలేదు. నువ్వో అంటే, 'నేను పెద్దవ్వను కదా మాస్టారూ' అంది. మామూలుగా అంది. మంచినీళ్లు కావాలన్నట్టు అంది. ఆ మాట నా మెడకి చుట్టుకుంది. ఇంతలో ఎవరో మీ గురించి చెప్పారు. దేవుడు పంపినట్టు..."

"నన్ను ఎవరూ పంపలేదు. చదువుకుని, పరీక్ష రాసి వచ్చాను."

"క్షమించండి."

"చిన్నప్పుడు మా మాస్టారు కూడా మీలాంటివాడే. మంచివాడు. క్లాసు ఫోటో తీసినప్పుడల్లా నన్ను భుజం పట్టుకుని తీసుకొచ్చి ముందు వరస మధ్యలో నిలబెట్టేవాడు. అమ్మాయి కనిపించాలి, అమ్మాయి కనిపించాలి అని. నాకేమో అందరిలా ఏ మూలనో నిలబడి పక్కదాని జడ లాగాలని ఉండేది. ఒక్క ఏడాదైనా నన్ను వదిలేస్తాడేమోనని చూశాను. వదల్లేదు. ప్రేమ మరి. సరే, ఆ రోజు మీ క్లాసులో తెర వెనక నన్నేమేం అడిగారో గుర్తుందా?"

"నీళ్లలో పురుగులు కనిపిస్తాయా అని. మీ ఇంట్లో కుక్క ఉందా అని. మీ జీతమెంత అని ఒకడు."

"ఇంకొకటి ఉంది."

"ఉంది. 'పై అరలో సీసా మీకెలా అందుతుంది' అని."

"ఎవరు అడిగారు?"

"చిట్టి."

"ఎత్తుగా ఉన్నవాళ్లకి ఆ ప్రశ్న పుట్టదు. నేనేమన్నాను?"

"పీట వేసుకుంటానన్నారు."

"అప్పుడు ఆ పిల్ల?"

"'నేనూ అంతే' అంది."

"ఎలా అంది?"

"గట్టిగా. ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడదు."

"మరింకేం? తెర తీయకముందే నేనెవరో ఆ పిల్లకి తెలిసిపోయింది. ఆ పిల్లెవరో నాకూ తెలిసిపోయింది. మా ఇద్దరి పని అయిపోయింది మాస్టారూ. ఇక ఆ దుప్పటి ఎవరి కోసం లాగారు?"

"దాని మొహం ఎలా వెలుగుతుందో చూద్దామని..."

"ఎవరు చూద్దామని?"

"అంటే... అందరూ. అందరికీ తెలియాలి కదా. మిగతా పిల్లలకీ తెలియాలి కదా."

"తెలిసిందా?"

"మిమ్మల్ని చూశారు. చూసినట్టే చూసి, తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. పొద్దుతిరుగుడు చేనులాగా, ఒక్కసారిగా. మిమ్మల్ని వదిలేసి దాన్నే చూశారు. అది బల్ల కిందికి జారిపోయింది. బొమ్మ వేసిన కాగితం నోట్లో కుక్కుకుంది, ఏడుపు వినపడకుండా."

"నాకూ కనిపించింది, ఎదురుగానే ఉన్నాను. నేను కూర్చున్నంతసేపూ ఆ తలలు నన్నూ దాన్నీ పక్కపక్కన పెట్టి కొలుస్తాయి. అందుకే లేచొచ్చేశాను. తెలిసిందా ఇప్పుడు?"

"తెలిసింది."

"మరి ముందు ఎవరు తిరిగారు?"

"ఏంటి?"

"అన్ని తలలూ ఒకేసారి తిరగవు మాస్టారూ. ఒకటి తిరిగితే దాని వెంట మిగతావి. ఆ మొదటి తల ఎవరిది?"

"నేను దుప్పటి లాగుతున్నాను. నాకెలా కనిపిస్తుంది?"

"తర్వాతైనా అడగలేదా?"

"అడక్కుండా ఉంటానా! అందరినీ నిలబెట్టాను. ఒప్పుకునేదాకా ఆటకి వదిలేది లేదన్నాను. చివరికి లీడరు పిల్ల చెయ్యెత్తింది. 'నేనే మాస్టారూ' అంది."

"ఏం చేశారు దాన్ని?"

"కొట్టలేదు. లీడరు బిళ్ల తీసేసుకున్నాను. మంచి పిల్లే. ఎందుకలా చేసిందో."

"రెండు జడల పిల్లేనా? ముందు బెంచీలో, సరిగ్గా నా ఎదురుగా?"

"ఆ, అదే."

"ఆ పిల్ల కిటికీ వైపు తిరగనే లేదు మాస్టారూ. నన్నే చూస్తోంది. నేను లేచి వెళ్తుంటే చెయ్యి కూడా ఊపింది."

"మరి ఎందుకు ఒప్పుకుంది?"

"మిగతావాళ్లకి ఆట పోతోందని. మీ క్లాసులో లీడరు పని తెలిసింది దానికొక్కదానికే. మీరు బిళ్ల పీకేశారు."

"అయ్యో."

"అయ్యో అంటే సరిపోయిందా?"

"రేపే తిరిగిచ్చేస్తాను. ఎవరైతేనేం మేడమ్, ఎవరో ఒకరు తిరిగారు. పిల్లలు. జరిగిపోయింది."

"ఎవరైతేనేం అంటే మా పని సాగదు. ఒక సీసా నల్లబడిందనుకోండి. ఏ బావి, ఏ గొట్టం, ఎక్కడ చిల్లు పడింది అని వెతుక్కుంటూ పోతాం. నీళ్లు మోసుకొచ్చిన చెంబుని చితక్కొట్టి ఇంటికి పోము."

"ఏదో చప్పుడైంది లోపల."

"సీసాల గది. గాజు సామాను కదా, గాలికైనా మోగుతుంది."

"మేడమ్, నన్నేమైనా అనండి. పడతాను. మీరు నాతో వస్తారా, రారా?"

"ఎక్కడికి?"

"చిట్టి వాళ్లింటికి."

"పగలు ఆ పిల్ల అక్కడుండదు."

"మీకెలా తెలుసు?"

"వాళ్లమ్మ పొద్దున్నే ఇక్కడ దింపి పనికి పోతోంది కాబట్టి."

"ఇక్కడా?"

"ఆ మర్నాడే వచ్చింది ఆ తల్లి. 'మా పిల్ల స్కూలుకి పోనంటోంది, మీ పీట మాత్రం చూడాలంటోంది' అంది. పెద్దసారు గడ్డం గోక్కుని సరేనన్నాడు. రెండో పీట ఎవరికని అడిగారుగా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఆ గుమ్మం దాటి అడిగారా? బడి మాన్పించమని నేనూ చెప్పడం లేదు. రోజూ అడుగుతున్నాను, ఇవాళ వెళ్తావా అని. ఒకటి తేలాలి, తేలితే వెళ్తానంటోంది."

"ఏం తేలాలి?"

"నాకు చెప్పింది. మీకు నేను చెప్పను."

"ఎక్కడుంది ఇప్పుడు?"

"మీ ఎదురుగానే. సీసాల గదికి తెర వేసుంది చూడండి. మీరు వీధి మలుపు తిరగడం చూసి దూరింది."

"అంటే... ఇందాకటి నుంచీ..."

"అంతా విన్నది."

"చిట్టీ! తల్లీ, బయటికి రామ్మా. నా బంగారు కదూ. వాళ్లందరి చేతా నీకు క్షమాపణ చెప్పిస్తాను. ఒక్కొక్కరి చేతా చెప్పిస్తాను. ఇంకెవరూ నీవైపు తిరగరు."

"రాను మాస్టారూ."

"ఎందుకమ్మా?"

"ఇది తెర ఆట. ముందు ప్రశ్న అడగాలి."

"సరే, తెర వెనక ఉన్నది నువ్వు కదా. నేను అడగనా?"

"కాదు. నేనే అడుగుతా. మీరు అబద్ధం ఆడకూడదు."

"ఆడను. అడుగు తల్లీ."

"దుప్పటి లాగేసి మీరు మేడమ్‌ని చూడలేదు, నన్ను చూసి నవ్వారు. అప్పుడే అందరూ తిరిగారు. ముందు తిరిగింది మీరే కదా మాస్టారూ?"