పాదం గది

"తీసెయ్."

"ఏది?"

"ఏదంటావేమే! నీ ఎదురుగా ఇంత పెద్దదిగా కనపడుతుంటే!"

ఆసుపత్రి గ్రంథాలయంలో మధ్యాహ్నం భోజనాల వేళ. కంప్యూటరు ముందు ఆ గ్రంథాలయం చూసుకునే చెల్లెలు, ఆమె నెత్తిన పిడుగులా వచ్చి నిలబడిన అక్క. చేతిసంచి ఇంకా భుజానికే ఉంది. తెర మీద చెల్లెలు ఏడాదిగా కడుతున్న మరో గ్రంథాలయం: ఇటుకా సిమెంటూ లేకుండా కంప్యూటరులోనే లేచిన భవనం. ఎవరైనా ఇంట్లో కూర్చునే, ఓ బొమ్మ మనిషి రూపంలో అందులో తిరిగి రావచ్చు. ఆ భవనంలో మూడో గది నిండా ఒకే ఒక్క పాదం, ఏనుగంత ఎత్తు.

"అక్కా, ముందు కూర్చో. మంచినీళ్ళు..."

"నీ మంచినీళ్ళు నువ్వే తాగు. అది అమ్మ కాలు."

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పాలా? నిన్న మా చిన్నది కాలేజీలో చూసొచ్చి, 'పిన్ని కట్టిన లైబ్రరీ చూడమ్మా, ఎంత బాగుందో' అని ఫోను నా మొహాన పెట్టింది. పొయ్యి దగ్గర నిలబడి చూశాను. బొటనవేలి మీదకి ఎక్కిన రెండో వేలు. మడమ పక్కన ఇస్త్రీపెట్టె మచ్చ. ఆ పెట్టె ఆవిడ కాలి మీద పడేసింది నేనే, ఆరేళ్ళప్పుడు. నాకు తెలీదా?"

"చిన్నదానికి తెలిసిందా?"

"లేదు. అదేదో బొమ్మ అనుకుంటోంది. దాని స్నేహితులందరికీ పంపింది కూడా. వాంతి ఒక్కటే తక్కువ నాకు."

"అదీ... ఎవరి కాలో ఎక్కడా రాయలేదక్కా. 'షుగరు ఉన్నవాళ్ళ పాదం' అని రాశాం, అంతే. పేరు లేదు, ఊరు లేదు."

"కాలు ఉంది కదే! ఆ కాలు ఆవిడకి లేకుండా పోయి మూడు నెలలైంది. డాక్టర్లు తీసేసిన కాలిని నువ్వు పట్టుకొచ్చి ప్రదర్శన పెట్టావు. ఛీ."

"ప్రదర్శన కాదు, పాఠం. చూడు, బొటనవేలి మీద నొక్కు. నొక్కు ఒక్కసారి. గోళ్ళు ఎలా తీసుకోవాలో చిన్న పుస్తకం తెరుచుకుంటుంది. మడమ మీద నొక్కితే ఎలాంటి చెప్పులు వేసుకోవాలో. అదిగో ఆ బీరువాలో లావు పుస్తకాలున్నాయే, వాటిలోంచి తీసి, అందరికీ అర్థమయ్యేట్టు నేనే రాశాను."

"అంత పాఠమే చెప్పాలంటే ఓ మైనపు కాలు చేయించి పెట్టరాదూ?"

"మొదట అలాంటిదే పెట్టాం. గులాబీ రంగు పాదం. ముద్దొచ్చేట్టుంది. ఒక్కడూ దాని ముందు నిలబడలేదు."

"అందుకని అమ్మది దొరికింది నీకు."

"అలా కాదక్కా..."

"వాడెవడు?"

"ఎవరు?"

"అదిగో, రెక్కలు పెట్టుకుని అమ్మ బొటనవేలి మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు!"

"ఎవరో సందర్శకుడు. అక్కడ ఎవరికి నచ్చిన రూపంలో వాళ్ళు వస్తారు."

"ఆ నక్క తల వాడు?"

"వాడూ సందర్శకుడే."

"వాడు పుండులో దిగి డాన్సు చేస్తున్నాడే!"

"అందరూ అలా చెయ్యరు..."

"పుండులోకి మెట్లు కట్టావు! మెట్లు! మనిషన్నవాళ్ళు చేసే పనేనా అది?"

"లోపల ఎంత లోతుందో దిగి చూస్తే తప్ప తెలీదక్కా. పైకి చిన్నగానే ఉంటుంది, అదే దాంతో వచ్చిన చావు. ఆ పక్కన చక్రాల కుర్చీకి వాలుదారి కూడా పెట్టాం."

"గాల్లో ఎగిరేవాళ్ళు తిరిగే చోట చక్రాల కుర్చీ దేనికే?"

"అదీ... నిబంధన."

"నీ నిబంధన తగలెయ్య."

"సందర్శకుల పుస్తకం ఒకటుంది అందులో. ఒక లారీ డ్రైవరు ఏం రాశాడో చదవనా? 'ఇన్నేళ్ళలో నా అరికాలు నేనెప్పుడూ చూసుకోలేదు. ఇవాళ మా ఆవిడ కింద అద్దం పెట్టి చూపించింది. మేకు దిగి ఉంది. నొప్పే తెలీలేదు. రేపు డాక్టరు దగ్గరికి...'"

"నాకు లారీ డ్రైవరు కాలు అక్కర్లేదు. అమ్మ కాలు సంగతి చెప్పు. ఎప్పుడు తీశావు ఆ ఫోటోలు?"

"ఎప్పుడో తీశాన్లే."

"ఎప్పుడో అంటే?"

"డాక్టరు తీయమన్నాడు. అన్ని వైపుల నుంచీ తీసి ఉంచితే, పుండు ఎంత పెరుగుతోందో కొలవచ్చని. అరవై తీశాను. తరవాత వాటితోనే ఇది..."

"ఎప్పుడు తీశావని అడుగుతున్నా. నీళ్ళు నమలకు."

"గుర్తులేదక్కా."

"ఆవిడ నిద్రపోతుంటే తీశావు, కదూ? దుప్పటి తొలగించి, దొంగలా."

"లేదు. మెలకువగానే ఉంది. ఫోటోలకీ ఒప్పుకుంది, ఇక్కడ పెట్టడానికీ ఒప్పుకుంది."

"చాల్లే. డాక్టరు ముందు కూడా కాలు చీర కింద దాచుకునే మనిషి! నాతో అనేది, 'చూడకే, నీకు పడదు' అని."

"అనేదా?"

"రోజూ అనేది."

"అంటే నువ్వు చూడ..."

"మాట తిప్పకు! చూడకుండా కట్లెలా మారుస్తారు? నా ఇంట్లో ఉన్న నెల్లాళ్ళూ రోజు విడిచి రోజు మార్చాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని మార్చాను. ఆ వాసనకి అన్నం సహించేది కాదు. మీ బావ హాల్లో పడుకునేవాడు. అయినా చేశానా లేదా?"

"చేశావు."

"గొంతులోనే మింగుతావేం?"

"చేశావంటున్నాగా."

"నా దగ్గరికి వచ్చినప్పుడు అది బఠానీ గింజంత. అంతే. ఇదిగో ఇలా నుయ్యిలా నేనెప్పుడూ చూడలేదు. నీ దగ్గరికి తిరిగొచ్చాకే ఇలా అయ్యుంటుంది. నువ్వు పొద్దస్తమానం ఈ తెర ముందు కూర్చుని బొమ్మలకి మెట్లు కడుతుంటే, అక్కడ అమ్మ కాలు..."

"అక్కా, వద్దు."

"ఏం వద్దు? ఉన్నమాటంటే ఉలుకా? కాలు కుళ్ళుతుంటే మందు రాయాలనిపించదు, ఫోటో తియ్యాలనిపిస్తుంది! నువ్వూ ఓ కూతురివే! అసహ్యంగా ఉందే నిన్ను చూస్తుంటే."

"సరే. తీసేస్తాను."

"ఏంటి?"

"తీసేస్తానన్నాను. ఇదిగో, నీ ముందే. ఇక్కడ నొక్కితే గది మొత్తం పోతుంది. ఇక ఇంటికెళ్ళు."

"ఇందాకటి దాకా పాఠమూ, లారీ డ్రైవరూ అన్నావు. ఇంతలో ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు. నువ్వు తీసెయ్యమన్నావు, తీసేస్తున్నాను."

"ఉండు. చెయ్యి తియ్యి అక్కణ్ణుంచి. ఏదో దాస్తున్నావు నువ్వు. ఎప్పుడు తీశావే ఫోటోలు?"

"నీ ఫోను మోగుతున్నట్టుంది."

"మోగనీ. చెప్పు."

"నీ ఇంటి నుంచి అమ్మని తీసుకొచ్చిన రోజు."

"అబద్ధం."

"సరే, అబద్ధమే."

"సరే ఏంటే సరే! ఆ రోజు బాగానే ఉంది. చెప్పులేసుకుని కారెక్కింది."

"చెప్పులేసుకుంది. కారులో కూర్చున్న కాసేపటికే నాకు వాసన తెలిసింది. ఇంటికి పోనివ్వలేదు, నేరుగా ఇక్కడికే తెచ్చాను. కింద కట్లు కట్టే గదిలో విప్పారు. అక్కడే తీశాను."

"మరి... అమ్మేమంది? నా గురించేమైనా చెప్పిందా?"

"ఏమీ చెప్పలేదు. పెద్దది బాగా చూసుకుందనే చెప్పింది. డాక్టరుకీ అదే చెప్పింది."

"చూశావా మరి!"

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"ఊఁ అంటే ఊఁ. బాగా చూసుకున్నావు. వెళ్ళక్కా."

"ఇలా అందరి ముందూ పెట్టడానికి ఎలా ఒప్పుకుంది ఆవిడ?"

"'పోయే కాలు ఎలాగూ పోతుంది, ఇంకొకళ్ళ కాలు నిలబెడితే పెట్టుకోవే' అంది. ఒక్కటే అడిగింది."

"ఏమడిగింది?"

"వద్దులే. చిన్నది కాలేజీ నుంచి భోజనానికి వచ్చే వేళయింది."

"ఏమడిగిందే?"

"ఆ పాదం గదిలో గోడ మీద మొదటి ఫోటో ఉంది చూడు, కట్టు విప్పుతున్నది. నువ్వు అమ్మని మీ ఇంటికి తీసుకెళ్ళిన పొద్దున మా నర్సు కట్టిన కట్టే అది, ప్లాస్టరు మీద ఆ రోజు తేదీ కూడా రాసుంది. 'ఆ తేదీ మాత్రం చెరిపేసి పెట్టవే, పెద్దదాని మీద మాట రాకూడదు' అంది."