డ్రిల్ టీచరుగారికి అడగని విశ్రాంతి

ఈ రోజు ఆదివారం, పద్నాలుగో తారీఖు. పొద్దున్నే పాలు కాచి, కూర తరిగి, రెండు విడతల బట్టలు ఆరేసి, అత్తయ్యకి మాత్రలిచ్చి, మా ఆయన చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టి, ఈ హాల్లో కుర్చీలు చాలవంటే మా ఇంటి కుర్చీలు కూడా పంపించి వచ్చాను. ఇక మిగిలిన పని ఒక్కటే, ఈ వందన సమర్పణ. ఇది కూడా అయిపోతే ఇవాళ్టికి చేతులు దులుపుకోవచ్చు.

సభకి అధ్యక్షత వహిస్తున్న మన అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షులవారికి, ఆయన పక్కనే ఉన్న కార్యదర్శిగారికి, ముఖ్య అతిథిగా వచ్చిన వ్యాయామ యంత్రాల కంపెనీ యజమానిగారికి, ముందు వరసలోని పెద్దలకి, కేకు బల్ల దగ్గరగా ఉంటుందని ఏరి కోరి వెనక వరసలో కూర్చున్న స్నేహితులకి నమస్కారం. (నవ్వులు) ఈ సభ ఎవరి కోసమో ఆవిడకి, మన డ్రిల్ టీచరుగారికి, మరోసారి నమస్కారం. ఆవిడ బడిలో పిల్లల చేత డ్రిల్ చేయించి రిటైరయ్యారు, ఆ తర్వాత రోజూ పొద్దున ఇదే హాల్లో మన చేత చేయించారు. పిల్లలే నయం, చెప్పిన మాట వినేవాళ్ళని ఆవిడ ఎప్పుడూ అనలేదు. మనసులో అనుకునే ఉంటారు.

ఆహ్వాన పత్రంలో ‘విశ్రాంతి తీసుకుంటున్న సందర్భంగా’ అని వేశారు. ఇంత ఓపికున్న మనిషికి విశ్రాంతి ఎందుకు కావలసి వచ్చిందో కనుక్కుందామని నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. “నేనేం అడగలేదమ్మా. ఈ పత్రం చూశాకే నాకూ తెలిసింది. పోనీలే, అక్షరాలు అందంగా వేశారు,” అన్నారు.

కార్యదర్శిగారూ, మీరు గడియారం చూసుకోకండి. రెండు ముక్కల్లో ముగించమన్నారు, గుర్తుంది. నేనింకా మొదటి ముక్కలోనే ఉన్నాను. (నవ్వులు)

సంగతి మీ అందరికీ తెలిసిందే. వచ్చే నెల నుంచి ఈ హాలు నిండా యంత్రాలు పెడతారు. పరిగెత్తే యంత్రం, తొక్కే యంత్రం, పొట్టని పట్టుకుని ఊపే యంత్రం వస్తాయి. వాటి మధ్యలో మనుషులు నిలబడే చోటుండదు కాబట్టి టీచరుగారి క్లాసు ఉండదు, క్లాసు లేదు కాబట్టి టీచరుగారికి విశ్రాంతి. మనిషిని పొమ్మనడానికి ఇంత పెద్ద పూలగుత్తి ఇవ్వడం మన సంఘానికే చెల్లింది. ఆ యంత్రాలేవో మేడ మీద ఖాళీగా ఉన్న గదిలో పెట్టుకోవచ్చు కదా అని నేను కమిటీని అడిగాను. ఆ గదికి లిఫ్టు లేదట. వ్యాయామానికి వచ్చేవాళ్ళు మెట్లెక్కలేక ఇబ్బంది పడతారట. (నవ్వులు) నవ్వకండి, దీని మీద కమిటీ చాలాసేపు చర్చించింది.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు టీచరుగారి సేవలు మరువలేనివన్నారు. ఆ మాటలు రాసుకుంటూ అధ్యక్షులవారు కలం కింద పడేసుకున్నారు, మీరంతా చూశారు. అది బల్ల కిందకి దొర్లింది. అధ్యక్షులవారు కార్యదర్శిగారి వైపు చూశారు, కార్యదర్శిగారు ముఖ్య అతిథిగారి వైపు చూశారు, ముఖ్య అతిథిగారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. చివరికి వంగి తీసిచ్చింది ఎవరు? ఎవరికి విశ్రాంతి అవసరమని ఈ సభ పెట్టామో ఆవిడ. (నవ్వులు, చప్పట్లు)

తప్పంతా వేదిక మీదున్నవాళ్ళదే అనను. మనం తక్కువ తిన్నామా? అసలు తక్కువ తినలేదు, అదే కదా మన బాధ. ఆవిడ చెప్పిన తిండి పద్ధతి పసిపిల్లలకైనా అర్థమవుతుంది. ఆకలేస్తేనే తినండి, కంచంలో సగం కూరగాయలుండాలి, ఇంకొంచెం పడుతుంది అనిపించినప్పుడే లేచిపోండి. మేం బుద్ధిగా తలూపి, క్లాసు కాగానే అందరం కలిసి మూల మీద బేకరీకి వెళ్ళేవాళ్ళం. కరిగించినదానికి బదులు వేసుకోవాలి కదా! మెడికల్ షాపు వదినగారూ, మీరు తల దించుకోనక్కర్లేదు, ఆ బేకరీలో మీ పక్క కుర్చీ నాదే.

ఇంక మా ఇంటి సంగతి. మా ఆయన డైటింగు మొదలుపెట్టాక నాకు వంట రెండింతలైంది. ముందు డైటు భోజనం, దాని మీద మామూలు భోజనం. పచ్చి కూరముక్కల గిన్నె ఖాళీ చేసి, “ఈ పూట ఇంతే. చాలా తేలిగ్గా ఉంది,” అని లేవబోతూ, “ఏదీ, ఆ వేపుడు ఇలా జరుపు, రుచి చూస్తాను,” అంటారు. ఇంటి ఖర్చు రాసేదాన్ని నేనే కదండీ. కూరగాయల ఖర్చు పెరిగింది, నూనె ఖర్చు ఒక్క చుక్క కూడా తగ్గలేదు.

ముఖ్య అతిథిగారూ, కంగారు పడకండి, మీ యంత్రాల మీద నాకేం పగ లేదు. మీరు ప్రదర్శనకి తెచ్చిన యంత్రం మా ఇంట్లో ఎంత సంతోషం నింపిందో మీకు తెలియదు. మనిషి దాని మీద నిలబడితే ఒంటికి ఎంత వయసొచ్చిందో చెబుతుంది కదా, మా ఆయన ఎక్కారు, ఆయన తర్వాత మా అత్తయ్య ఎక్కారు. కొడుకు ఒంటి వయసు తల్లి ఒంటి వయసు కంటే ఎక్కువని తేలింది. యంత్రం పాడైపోయిందని మా ఆయన ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. మా అత్తయ్య మాత్రం ఆ రోజు నుంచి, “అన్నయ్యా, భోజనం చల్లారిపోతోంది, రా!” అని పిలుస్తున్నారు. (చాలాసేపు నవ్వులు) పాడైన యంత్రమని మా ఆయన కమిటీలో కూడా చెప్పారు. అయినా అదే యంత్రం కొందామని కమిటీలో తీర్మానించారు. ఆ తీర్మానం మీద మొదటి సంతకం మా ఆయనదే.

ఇప్పుడు రెండో ముక్క. ఇది మా అత్తయ్య గురించి. ఆవిడ ఇక్కడే, కిటికీ పక్కన కూర్చున్నారు. టీచరుగారు ప్రతి క్లాసు చివర మా అందరినీ నేల మీద పడుకోబెట్టి, ఎవరి సాయం లేకుండా లేవమనేవారు. మా అత్తయ్యకి అదంటే ఒళ్ళు మంట. “పడని మనిషిని పట్టుకుని లే, లే అంటుందేమిటే ఈవిడ? లేవడం నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చు,” అని దారంతా సణిగేవారు.

చలికాలంలో ఒక పొద్దున నేను కూరలకి వెళ్ళాను. మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు. వచ్చి చూస్తే లోపల గడియ వేసి ఉంది. బెల్లు కొట్టాను, పలకలేదు. “అత్తయ్యా!” అని పిలిచాను, పలకలేదు. ఆ కాసేపట్లో నా మనసు ఎక్కడెక్కడికి పోయిందో ఇక్కడ చెప్పలేను. పక్కింటి తలుపు కొట్టబోతుంటే మా గడియ కదిలింది. జుట్టు రేగిపోయి, చీరంతా తడిసి ఎదురుగా అత్తయ్య. “అంత గట్టిగా అరవకు, పక్కవాళ్ళు ఏమనుకుంటారు? వంటింట్లో తడి మీద కాలు జారి పడ్డాను,” అన్నారు.

“మరి ఎలా లేచారత్తయ్యా?”

“ఆవిడ చెప్పినట్టే. తొందరపడకుండా పక్కకి దొర్లాను, మోకాళ్ళ మీదకి వచ్చాను, ఎదురుగా స్టూలుంటే దాని మీద చెయ్యి ఆనించి లేచాను. ఈ సంగతి ఆవిడకి చెప్పకు. రేపటి నుంచి ఇంకో రెండు సార్లు పడుకోబెడుతుంది.”

కూరల సంచీ చేతిలోంచి దించకుండానే ఆవిడని పట్టుకుని ఏడ్చాను. ఆవిడ నన్ను విడిపించుకుని సంచీలో వంకాయలు ముదురువని తిట్టారు.

మన అపార్ట్‌మెంట్లలో పగలంతా ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. పడితే ఎలా లేవాలో నేర్పే యంత్రం ఉంటే చెప్పండి, నేనే ముందు నిలబడి చప్పట్లు కొడతాను. ముఖ్య అతిథిగారు తల అడ్డంగా ఊపుతున్నారు. నిజం ఒప్పుకున్నందుకు వారికి ధన్యవాదాలు.

కాబట్టి నేను ఈ వీడ్కోలుకి వందనం సమర్పించలేను. అధ్యక్షులవారూ, సంఘం సభ్యులంతా ఈ హాల్లోనే ఉన్నారు, ఇంతమంది మళ్ళీ దొరకాలంటే ఇంకో కేకు కొనాలి. (నవ్వులు) యంత్రాలు మేడ మీదకి పోవాలా, క్లాసు ఈ హాల్లో ఉండాలా, ఇప్పుడే తేల్చేద్దాం. క్లాసు కావాలన్నవాళ్ళు చేతులెత్తొద్దు. కుర్చీ పట్టుకోకుండా, పక్కవాళ్ళని పట్టుకోకుండా, లేచి నిలబడండి.

(సభలో కదలిక. కుర్చీల చప్పుడు.)

అత్తయ్య లేచారు. మెడికల్ షాపు వదినగారు లేచారు. ముందు వరస లేచింది. ఏవండీ, మిమ్మల్నే, కుర్చీ మీంచి చెయ్యి తియ్యండి, అలా లేస్తే లెక్కలోకి రాదు. ఆఁ, లేచారు. మొదటి సంతకం పెట్టిన మనిషి లేచారండీ! (చప్పట్లు) అధ్యక్షులవారు కూడా ప్రయత్నిస్తున్నారు. కార్యదర్శిగారూ, ఆయన్ని మీరు లేపకూడదు.

టీచరుగారు ఆయన పక్కకి వెళ్ళారు. మైకు అటు పెడతాను, వినండి.

“పాదాలు వెనక్కి లాక్కోండి. ఇంకొంచెం. ముందుకి వంగండి, ముక్కు మోకాళ్ళు దాటి రావాలి. భయం లేదు, నేనున్నాను. ఇప్పుడు లేవండి.”

(చప్పట్లు, ఈలలు)

అధ్యక్షులవారు లేచారు! ఏదో అంటున్నారు, చెప్పండి సార్.

“ఇది ఓటామ్మా, వ్యాయామమా?”

రెండూనండీ.

“సరే. క్లాసు ఇక్కడే. యంత్రాలు పైకి. మరి పైకి మోసేదెవరు?”

వాటితో కండలు పెంచుదామన్నవాళ్ళే సార్. (నవ్వులు) కార్యదర్శిగారూ, తీర్మానం రాసుకోండి. టీచరుగారూ, మిమ్మల్ని ఎవరూ అడగలేదు, ఇప్పుడు నేను అడుగుతున్నాను. మీకు విశ్రాంతి కావాలా?

“రేపు పొద్దున ఆలస్యంగా వచ్చినవాళ్ళకి తలుపు తియ్యను.”

విన్నారు కదా. సభ నడిపిన అధ్యక్షులవారికి, నిజం దాచని ముఖ్య అతిథిగారికి, నన్ను మధ్యలో ఆపని కార్యదర్శిగారికి, లేచి నిలబడిన మీ అందరికీ ధన్యవాదాలు. పోయిన వారం తనకి జ్వరమొచ్చి ఒక క్లాసు చెప్పలేకపోయానని, అది మనకి బాకీ ఉన్నానని టీచరుగారు నిన్న గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు. ఇవాళ ఇంతమందిని ఒక్కసారి లేపారు కాబట్టి ఆ బాకీ తీరిపోయింది. నాకిక సెలవిప్పించండి.