ఏడున్నర సీరియల్లో ఇంటి పెద్ద

కోతలు కోయడానికి సూర్యప్రకాశరావు గారికి కొడవలి అక్కర్లేదు, చేతికి టీ వస్తే చాలు. లండన్ హీత్రో విమానాశ్రయం కార్గో షెడ్డులో పొద్దుటి షిఫ్టు మధ్యాహ్నం దిగి, పక్కనే ఉన్న హౌన్స్‌లోలో కస్తూరి ఆంటీ నడిపే టిఫిన్ల కొట్టు ముందు కూర్చున్నారంటే, చుట్టూ మాస్టర్స్ చదివే పిల్లలు చేరాల్సిందే. ఆ రోజు గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన నిఖిత కూడా ఉంది. వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల ఆయన మొహం మీంచి చూపు తిప్పడం లేదు. గుర్తుపట్టిందేమోనని ఆయనకి లోలోపల ఒకటే ఆశ. ఈ దేశం వచ్చాక ఒక్క మనిషైనా “మిమ్మల్ని టీవీలో చూశామండీ” అనలేదు. ఆ మాటకి మొహంవాచి ఉన్నారాయన.

“ఏదో చిన్న వేషమేలే,” అని మొదలెట్టారు. “‘ముత్యాలవారి మూడో కోడలు’లో ఇంటి పెద్దని. రోజూ ఏడున్నరకి. మొదట్లో మా వీధిలో నలుగురు చూసేవాళ్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆర్టీసీ డ్రైవరు బస్సు తెచ్చి టీవీ ఉన్న ఇంటి ముందు ఆపేసేవాడు, జనం కిటికీల్లోంచి చూసి, అయ్యాకే కదలనిచ్చేవాళ్లు. పంతుళ్లయితే ఏడున్నరకి ముహూర్తాలు పెట్టడమే మానేశారు, పీటల మీంచి పెళ్లికొడుకే లేచి టీవీ దగ్గరికి పోతున్నాడని.”

“అంటే హీరో మీరేనా అంకుల్?” అన్నాడు ఆ పిల్లల్లో ఒకడు, చక్రి, సమోసా కొరుకుతూ.

“హీరో ఎవడ్రా నా ముందు? హీరోయిన్ నాకు దణ్ణం పెట్టనిదే గడప దాటేది కాదు. సెట్లో రోజూ పూలదండ నాకే. నేను లేని ఎపిసోడ్ ఒక్కటి చూపించు.”

నిఖిత ఇంకా చూస్తూనే ఉంది. ఆ చూపుకి ఆయనకి ఊపొచ్చింది.

“వరదల్లో ఓసారి బ్యారేజీ గేట్లు ఎత్తాల్సినవాడు మన సీరియల్ ముందు కూర్చుండిపోయాడు. కృష్ణమ్మ ఏం చేసిందనుకున్నారు? ప్రకటనలు వచ్చేదాకా ఆగి, అప్పుడు దిగింది.”

“నది ఆగిందా?” అంది కస్తూరి ఆంటీ దోసె తిరగేస్తూ.

“కోడళ్ల గొడవంటే ఆవిడకి మాత్రం సరదా ఉండదా? అంతెందుకు, మొన్న హైదరాబాదు విమానం గంటసేపు ఈ కొట్టు మీదే చక్కర్లు కొట్టింది. లోపల జనం నా పాత ఎపిసోడ్లు చూస్తూ, బెల్టు పెట్టుకోండని ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి నేను షెడ్డులోంచి బయటికొచ్చి చెయ్యూపితే దిగింది.”

“అయితే ఒక డైలాగు వదలండి అంకుల్,” అన్నాడు చక్రి.

“నాది డైలాగులతో నటించే రకం కాదురా. ఒక్క చూపు చాలు.”

అప్పుడు నోరు విప్పింది నిఖిత. “అంకుల్, మీరు ఫొటో కదా?”

ఎవరికీ అర్థం కాలేదు.

“ఆ సీరియల్ ఇంటి హాల్లో గడియారం పక్కన దండేసిన ఫొటో. చనిపోయిన మావయ్యగారు. ఇందాకటి నుంచీ అదే ఆలోచిస్తున్నా, ఎక్కడ చూశానా అని.”

చక్రి పగలబడి నవ్వాడు. సూర్యప్రకాశరావు గారు టీ కప్పు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. గుర్తుపట్టాలని కోరుకున్నారు, గుర్తుపట్టింది. ఇక ఎవరిని ఏమనాలి?

“మా నాయనమ్మకి మీరంటే ఎంత ఇష్టమో,” అంటూనే ఉంది నిఖిత. “‘ఎంత కళగల మొహం, నోరు విప్పితే ఎట్లా ఉండేదో’ అనేది. ఫ్లాష్‌బ్యాక్ వస్తుందని సీరియల్ ఆఖరి రోజు దాకా ఎదురుచూసింది.”

“నేనూ ఎదురుచూశానమ్మా,” అన్నారాయన మెల్లగా. “అందులో నీకో సీనుందన్నాడు డైరెక్టరు. ఒకటే డైలాగు. ‘తలుపు తీసే ఉంచమ్మా, వచ్చేస్తున్నా.’ ఫొటో చాలు, నువ్వు రానక్కర్లేదన్నా రోజూ వెళ్లి కూర్చునేవాణ్ణి. ఈలోగా సీరియలే అయిపోయింది.”

షెడ్డులో పెట్టెలు ఎత్తుతూ ఆ ముక్కే ఇప్పటికీ లోలోపల అనుకుంటూ ఉంటారాయన. ఒక్కసారి, ఒక్కరైనా వింటుండగా చెప్పాలని ఆయన కోరిక.

నిఖిత ఫోన్ తీసింది. “గుంటూరులో ఇప్పుడు సరిగ్గా రాత్రి ఏడున్నర. నాయనమ్మ టీవీ ముందే ఉంటుంది. వీడియో తీసి పంపిస్తా, చెప్పండి అంకుల్.”

ఫోన్ ఆయనకేసి తిరిగింది. ఆయన కాలరు సర్దుకుని, మెడ నిలబెట్టి, రెప్ప వేయకుండా అలాగే ఉండిపోయారు. కస్తూరి ఆంటీ పొయ్యి కట్టేసి వచ్చి నిలబడింది. చక్రి నవ్వు ఆపేసి, ఆయన మోచేయి మెల్లగా తట్టాడు.

“ఫొటో కాదంకుల్, వీడియో. మాట్లాడండి.”