ఓబిలేషు చెయ్యి

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి రాఘవేంద్ర ఇల్లు. 2008 డిసెంబరు ఇరవై ఐదు. సునామీలో పోయినవాళ్లను తలచుకుంటూ రేపు కల్యాణ మంటపంలో సభ ఉంది. అక్కడ చెప్పాల్సింది అతను ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకుంటున్నాడు. వింటున్నది భార్య రేఖ.

“…అంతలోనే తాటిచెట్టంత అల. నేను ఓబిలేషు చెయ్యి గట్టిగా పట్టుకున్యా. వాడు ‘అన్నా, ఇడిసిపెట్టొద్దు’ అని...”

“ఏ చెయ్యి?”

“ఏందే?”

“కుడి చెయ్యా, ఎడమ చెయ్యా? పోయినేడాది ఎడమ అంటివి.”

“ఏదో ఒగ చెయ్యి. మద్దెలో అడ్డం రావద్దు. యాడిదంకా వచ్చినా?”

“చెన్నై దంకా వచ్చినావు. ఆ పొద్దు నిజ్జెంగా యాడుంటివో ఆడికి మాత్రం రాలేదు.”

“రేఖా, గమ్మునుండు.”

“కొత్తచెరువు ఊర్లో మా చెల్లెలి బిడ్డను తొట్లలో ఏస్తాంటే, నెయ్యేసుకోని ఓళిగలు తింటాంటివి. పక్కనే వడ్డిస్తాంటి నేను.”

“ఆ మాట సభలో చెప్తే బాగుంటాదా? మన చీరల మూట ఎత్తుకోని అమ్మేకి పోయి సముద్రంలో కల్సిపోయినాడు వాడు. వాని గురించి ఎవురో ఒగరు చెప్పల్ల కదా.”

“వాని గురించి చెప్పు. నీ గురించి ఎందుకు చెప్తాండావు? ఛీ, ఇంటాంటే రోత పుడ్తాండాది.”

“వాని పెండ్లాం కోసమే చెప్తాండా. అరుణజ్యోతికి ఇంకెవురుండారు? మొగుడు దిక్కులేని సావు సచ్చినాడంటే తట్టుకుంటాదా? నేను పక్కనున్యానంటే ఆయమ్మకు నిమ్మళం.”

“ఆయమ్మకు నిమ్మళమా, నీకు శాలువాలా? బీరువాలో నా చీరలకు తావు లేదు.”

“నేను చెప్పేదాంట్లో అబద్ధమేముండాది? నీళ్లు ఎనక్కి పోయింది నిజ్జెం. ఇసకలో చేపలు కొట్టుకున్యాది నిజ్జెం.”

“అవి వాడు చూసినాడు. ఫోన్లో నీకు చెప్పినాడు.”

“చెప్పినాడు. ఇప్పుడు దానికేమి?”

“నువ్వేమన్యావు?”

“…గుర్తులేదు.”

“నాకు గుర్తుండాది. పక్కనే ఉంటి కదా, ఫోన్లో వాని మాట నాకూ ఇనపడ్తాన్యాది. ‘అల ఒగతూరి వచ్చి పోయిందన్నా, జనం ఉరుకుతాండారు, నేనూ పోతా’ అన్యాడు. ‘నీళ్లు ఎనక్కి పోయినాయంటివి కదరా, ఇంకేం భయం? నువ్వు దిగిన గదిలో మూట ఉండాది. తడిస్తే పట్టు పనికిరాదు, ముందు దాన్ని తెచ్చుకో’ అంటివి.”

“నాకేం తెల్సు! మనకు నీళ్లు పోయేదే తెల్సు గానీ, పోయిన నీళ్లు తిరిగొచ్చేది యాడన్నా చూసినామా? మన చెరువు ఎండి ఎన్నేండ్లాయ? మళ్లా వచ్చినాయా నీళ్లు? ఆ పొద్దు నువ్వైనా అదే అందువు.”

“అందును. అదే మాట అందును. దానికి నాకు కోపం లేదు. సచ్చినోని చెయ్యి పట్టుకోని, పిల్సిన కాడికంతా పోయి దండలేయించుకుంటాండావే, దానికి నా కోపం.”

“సరే. ఈ ఒగతూరికి చెప్పనీ. పేపరోళ్లు వస్తారు. జ్యోతిని ముందు వరసలో కూర్చోబెడ్తాండారు. ఇప్పుడు మార్చి చెప్తే ఆయమ్మ గుండె ఆగిపోతాది.”

“ఆగదులే. ఆయమ్మకు మొదట్నుంచి తెల్సు.”

“నువ్వు చెప్పినావా?”

“నేనెందుకు చెప్తా? నీతో మాట్లాడినాక వాడు వాళ్ల పక్కింటి ఫోనుకు చేసినాడంట. ‘రాఘవన్న మూట తెమ్మన్యాడు, తీసుకోని వస్తా’ అన్యాడంట. ఈ పొద్దు తానే నాకు చెప్పింది.”

“మరి… ఇన్నేండ్లు నా ఎదురుగా కూర్చోని, నేను చెప్పిందంతా ఇని, కండ్లు తుడుచుకుంటాన్యాదే? ఒగనాడన్నా అడగలేదే?”

“ఎట్ల అడుగుతాది? నీ మగ్గం మీదనే కదా ఆయమ్మ నేసేది.”