గేటు తీసినా కదలని ఆవులు

ఐదు వేల ఆవులున్న డెయిరీ అది. గేటుకు ఇవతల సిమెంటు నేల, అవతల మోకాలెత్తు పచ్చిక. గేటు దగ్గర తనిఖీకి వచ్చిన అధికారిణి, డెయిరీ మేనేజరు నిలబడ్డారు.

"మళ్లీ వచ్చారా మేడమ్? పోయినసారి మీ రిపోర్టు మీ పైవాళ్లే కొట్టేశారుగా!"

"ఈసారీ కొట్టేస్తే నా ఉద్యోగం ఊడుతుందట. అందుకే ఈసారి కాగితాల్నే నమ్ముకోను లెండి."

"చూడండి, మాకేం భయం? ఏడాదికి నూట ఇరవై రోజులు పచ్చికలో మేపితేనే సేంద్రియ పాలని ముద్ర. మేం రెండొందల రోజులు మేపాం. రిజిస్టరులో రోజూ సంతకాలున్నాయి."

"సంతోషం. ఆ గేటు తీయించండి."

"ఇప్పుడా? పాలు పితికే వేళండీ."

"పితికి గంటయింది. మిషన్లు కడుగుతుంటే చూశాను."

"సరే... తీయవయ్యా గేటు!"

"పది నిమిషాలైంది. ఒక్కటీ కదల్లేదేం?"

"కడుపు నిండుంటుంది మేడమ్."

"మరి ఆ ముందున్నది గడ్డిని వాసన చూసి వెనక్కి గెంతిందేం? రోజూ మేసేదానికి గడ్డంటే భయమా?"

"అది కొత్తదండీ, నిన్ననే కొన్నాం."

"చెవి బిళ్ల నంబరు మీ రికార్డులో చూశా. మూడేళ్ల నుంచి ఇక్కడే ఉంది."

"వీడియో తీస్తున్నారా?"

"గేటు తీసినప్పట్నుంచీ."

"ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం రండి, చల్లగా ఉంటుంది."

"నాకు ఈ ఎండే హాయిగా ఉంది. అదిగో, ఆ లారీలోకి ఎక్కించిన ముద్ర ప్యాకెట్లు ఒక్కటీ బయటికి పోకూడదు."

"మా వెనకాల ఎవరెవరున్నారో తెలుసా మీకు?"

"అందర్నీ పిలవండి. ఈ ఆవుల్ని గడ్డిలోకి తీసుకెళ్లి మేపి చూపిస్తే, రాజీనామా ఇక్కడే రాసిస్తాను."

మేనేజరు ఫోను తీసి, ఆవుల వైపు చూసి, మళ్లీ జేబులో పెట్టేశాడు.

"ఏమండీ, పిలవరా?"

"డ్రైవరూ! లారీ ఆపు. సరుకు దించెయ్."