తట్టని చెయ్యి

బ్రెజిలియన్ జుజుత్సు కుస్తీపట్ల మధ్యాహ్నం క్లాసు అయిపోయింది. అందరూ వెళ్ళాక కోచ్ కొత్త విద్యార్థినిని ఆపాడు.

“నిజం చెప్పమ్మా. మా పట్లు చూసి రమ్మని పక్కవీధి జిమ్ వాళ్ళు పంపారా నిన్ను?”

“లేదు మాస్టారూ. వారం క్రితమేగా నేర్చుకోవడం మొదలుపెట్టాను.”

“వారానికే, నా చెయ్యి మెడ మీదికి రాకముందే గడ్డం దించేస్తున్నావు. నా చెవిలో పూలు పెట్టకు.”

“ఏదో అలవాటండి.”

“కొత్తవాళ్ళు పట్టు ఎలా వెయ్యాలని అడుగుతారు. నువ్వు విడిపించుకోవడం గురించి తప్ప ఇంకేమీ అడగవు. పైగా ఊపిరాడకపోయినా చాప మీద తట్టవు. తడితే వదిలేస్తారని మొదటిరోజే చెప్పానా లేదా?”

“చెప్పారు. మీరు వదులుతారు.”

“అంటే? వదలనివాళ్ళెవరు?”

“మీరు పొద్దుటి బ్యాచ్‌కి ఏది నేర్పితే, సాయంత్రం అది మా ఇంట్లో నా మెడ మీద పడుతుంది. ఎంత తట్టినా ఆయన వదలడు.”

“మీ ఆయన నా శిష్యుడా? ఎవరు?”

“చెప్తే మీరు ఆయనకి చేరవెయ్యరని నమ్మకమేంటి? గోడ మీద ఫోటో పెట్టుకుని మరీ మెచ్చుకుంటారు.”

గోడ మీద ఉన్నది ఒక్కటే ఫోటో. కోచ్ దాన్ని మేకు నుంచి తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

“రేపు వాడికేం నేర్పుతారు మాస్టారూ?”

“వాడికిక తలుపు తియ్యను. నువ్వూ ఇంటికెళ్ళకు, మా చెల్లెలింట్లో ఉండు.”

“వెతుక్కుంటూ వస్తే?”

“చాప మీదికి రా. వాడి ఎడమ మోకాలు ఎప్పుడూ ఆలస్యంగా లేస్తుంది. ఏడేళ్ళుగా తిడుతున్నా దిద్దుకోలేదు. మనం అక్కణ్ణుంచి మొదలుపెడదాం.”