నత్తగుల్లల దిబ్బ

కళింగపట్నం అవతల, పురావస్తు శాఖ తరఫున భరణి తవ్విస్తున్న నత్తగుల్లల దిబ్బ మీద పొద్దున్నే పంచాయితీ. రాత్రి కాపలా జాలరి పల్లె తాతమ్మది, గుండెదడ మాత్రం భరణిది.

“కుండ ఉంది, మూత ఉంది. లోపలున్న ఎముకలేవి తాతమ్మా?”

“ఏటి ఎముకలు?”

“ఏ ఎముకలంటావేంటి! నిన్న నీ కళ్ళముందే కదా టార్పాలిన్ పట్టా కప్పి శ్రీకాకుళం వెళ్ళాను. పసిపిల్ల ఎముకలు! పాతకాలం వాళ్ళు ఇంటి నేల కింద, పొయ్యి పక్కన పాతిన కుండలోవి.”

“ఓలమ్మో... నక్కలొచ్చినాయి గావాల. ఈ సరుగుడు తోటల్నిండా నక్కలే.”

“నక్క వచ్చి, పట్టా తీసి, మూత తీసి, ఎముకలు పట్టుకుని, మళ్ళీ మూతేసి, పట్టా కప్పి, మూలమూలకీ రాళ్ళు పెట్టి వెళ్ళిందా?”

“నాకేటి తెలుసు? కునుకు పట్టీసినాది.”

“నీకా? పడవ చప్పుడైతే చాలు లేచి కూర్చుంటానని నువ్వే చెప్పావు.”

“మా ఆయన పడవైతే లేస్తాను. నక్కకెందుకు లేస్తాను?”

“వేళాకోళం కాదు తాతమ్మా! అదిగో, ఆ ప్రొక్లెయిన్ ఎందుకొచ్చి నిలబడిందో తెలుసు కదా?”

“రొయ్యల సెరువుకి.”

“ఈ దిబ్బ వేల ఏళ్ళనాటిదని రుజువు చూపిస్తే కలెక్టరాఫీసు వాళ్ళు ఆపుతామన్నారు. ఇనుమంటే తెలియని మనుషులు ఇక్కడ కాపురాలు చేశారు. వలకి రాళ్ళు కట్టుకుని చేపలు పట్టారు, నత్తలుడకేసుకుని తిన్నారు, గుల్లలిక్కడ పోశారు. ఎప్పటివాళ్ళో చెప్పేది ఆ ఎముకలే. అవి లేకపోతే ఇది ఉత్త గుల్లల కుప్ప. ఎత్తి అవతల పోస్తారు.”

“ఇంకో కుండ తియ్యరాదా?”

“ఇంకోటియ్యమనడానికి ఇదేమన్నా కూరల కొట్టా! ఇన్నాళ్ళు ఎండలో మాడితే దొరికింది ఒక్కటే ఒక్కటి. నిజం చెప్పు. చెరువు వాళ్ళు ధనరాజునేమైనా పురమాయించారా?”

“మా ఆయన పేరెత్తకు. సంద్రం మీద యేటకెల్లినోడు ఇంకా రానేదు.”

“మరెవరు తీశారు?”

“టీ ఎట్టనా, బరణమ్మా?”

“తాతమ్మా!”

“నువ్వు నిన్న ఏటన్నావు? అందర్నీ కూకోబెట్టి సెప్పినావు గదా.”

“ఏం చెప్పాను?”

“ఆ ఎముకల్ని అట్టపెట్లో ఎట్టి, ఎక్కడికో అంపి, నూరి పొడి సేసి, మిషన్లో ఏసి కాలుస్తారని.”

“అవును, ఎన్నేళ్ళనాటివో తెలియాలంటే...”

“పసిగుడ్డు, బరణమ్మా.”

“వేల ఏళ్ళ కిందట పోయిన...”

“ఎప్పుడు పోతే ఏటి? పసిగుడ్డుని ఎవలైనా నూరుతారా?”

“అంటే, నువ్వే తీశావు.”

“తీసినాను.”

“మరి ఇందాకటినించీ నక్కలూ కునుకూ ఎందుకు! సరే. కోప్పడను. కోపంగానే ఉందిగానీ కోప్పడను. ఎక్కడ పెట్టావు?”

“బద్రంగానే ఉన్నాది.”

“ఎక్కడ? సముద్రంలో గానీ కలిపావా?”

“సీ! పసిగుడ్డుని నీల్లలో ఏస్తారా? కాల్సరు, కలపరు. వల్లకాటికి కూడా అంపరు. అంత సిన్నదాన్ని అంత దూరం ఎలా వొదిలేస్తారు?”

“మరేం చేస్తారు?”

“ఇంటికాడే ఉంచుతారు, సూరు కింద. అప్పుడు మల్లీ ఆ అమ్మ కడుపునే పడతాదని.”

“ఎవరింటి చూరు కింద పెట్టావు తాతమ్మా?”

“దాని అమ్మ ఇప్పుడు నేదు గదా.”

“ఎవరింట్లో?”

“మా ఇంట్లోనే.”

“అమ్మయ్య! బతికించావు! పద, ఇప్పుడే పద. నేనే తీస్తాను, మెత్తటి బ్రష్షుతో, ఒక్క పెచ్చు కూడా ఊడకుండా.”

“నూరడానికేనా?”

“అన్నీ అక్కర్లేదు, వేలెడు ముక్క చాలు. మిగిలినవి తెచ్చి నీకే ఇస్తాను, ఒట్టు. ఆ ముక్క లేకపోతే ఈ దిబ్బా లేదు, వీళ్ళిక్కడ బతికారన్న ఆనవాలూ లేదు. అర్థం చేసుకో.”

“అర్దమయ్యింది. రా మరి, మా ఆయన రాకముందే తియ్యి.”

“నీ మేలు మరిచిపోను. లోతుగా పాతావా?”

“కొత్తగా ఏటీ పాతనేదు. ఒక్కర్తీ ఉంటే బయపడతాదని, మా పాపని ఎట్టిన కుండ తీసి, అందులోనే ఏసినాను. ఏది నీదో, ఏది నాదో, సూసి నువ్వే ఏరుకో.”